గంధం పూసిన మీటరు

యంత్రానికి బొట్టు పెట్టి చేతులు జోడించే మీరు, దాని మూత ఎన్నడైనా విప్పి చూశారా?

కోపంగా అడుగుతున్నానని మీకు అనిపిస్తే, అవును, కోపంగానే అడుగుతున్నాను. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు నిండకముందు చోడవరంలో చూసిన ఒక దసరా నాకు ఈ కోపం మిగిల్చింది.

నీటిలో మునిగి పనిచేసే మీటర్లను బాగుచేయడం అప్పట్లో నా ఉద్యోగం. చిన్న చక్రం, దాని చుట్టూ ఆరు కప్పులు. కాలువలో దింపితే నీటి తోపుకి చక్రం తిరుగుతుంది. చుట్టు తిరిగిన ప్రతిసారీ లోపలి డబ్బీలో వెంట్రుకంత తీగ ఇరుసును తాకుతుంది. బ్యాటరీ కరెంటు పారి, గట్టున కూర్చున్నవాడి చెవి ఫోనులో ‘టక్’ అని వినిపిస్తుంది. గడియారం చూస్తూ ఆ టక్కులు లెక్కపెడితే నీటి వేగం తెలుస్తుంది. తీగ మీద మట్టో జిడ్డో చేరిందా, చక్రం తిరుగుతూనే ఉంటుంది, చెవికి మాత్రం ఏమీ వినపడదు. అందుకే కొలతకు ముందు మూత విప్పి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, కప్పులను నోటితో ఊది, ప్రతి చుట్టూ పలుకుతోందో లేదో వినాలి. పావుగంట పని. అంతకన్నా ఏమీ లేదు.

ఆ యేడు వానలు ముఖం చాటేశాయి. వడ్డాది అవతల కాలువ చివర రెండెకరాలు చేసుకునే ఒక ముసలి రైతు రోజూ మా ఆఫీసు వరండాలో కూర్చునేవాడు. ఆయన వరి పొట్ట మీద ఉంది. పై ఊళ్లవాళ్లు తమ తూము తలుపు ఎత్తేసి, వాటాకు మించి నీళ్లు మళ్లించుకుంటున్నారని ఆయన ఫిర్యాదు. దసరా మర్నాడు పొద్దున్నే ఆ తూము దగ్గర మీటరు వేయమన్నారు పై అధికారి. వాటా మించిందని తేలితే తలుపు దించేస్తారు.

“పది రోజుల్లో తడి అందకపోతే ఎన్ను బయటికి రాదు బాబూ. నీ మిసన్ మీదే నా గింజలు,” అనేవాడు ముసలాయన.

ఆయుధపూజ రోజు మా ఓవర్సీయరు మీటర్లన్నీ పీట మీద పెట్టించాడు. పెట్టె మీద బొట్టు పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదన్నాను. కానీ డబ్బీల మూతలు విప్పి, లోపల కూడా గంధం పూస్తున్నాడు.

“మూత ఎందుకండీ తీసేరు?” అన్నాను.

“అమ్మవారు లోపలికి రావాలి గదయ్యా! మూతేసి రమ్మంటే ఏటి, కిటికీలోంచి దూరతాదా?” అన్నాడు. వరండాలో ఉన్నవాళ్లంతా నవ్వారు. “నీ నాస్తికం మీటింగులో సెప్పుకో. పండగ పూట మా బుర్ర తినకు.”

ప్రతి ఆదివారం సంఘసంస్కరణ సభల్లో గొంతు చించుకునే నేను, ఆ రోజు నోరు మూసుకుని ఇంటికి పోయాను. పండగ పూట తగువెందుకనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు.

పూజలో పెట్టిన పనిముట్లను ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. ఆ ఉద్వాసన కొలత రోజు పొద్దున, జీపు బయల్దేరే ముందు చెప్పారు. తుడుస్తానంటే, “దారిలో సూసుకోవచ్చు, ఎక్కవయ్యా,” అన్నాడు ఓవర్సీయరు. ఆ గతుకుల దారిలో వెంట్రుకంత తీగను ఎవడు తుడవగలడు?

తూము దగ్గర మీటరు దింపాం. నీళ్లు తేటగా ఉన్నాయి, కప్పులు జోరుగా తిరగడం పైకి కనిపిస్తోంది. నా చెవిలో మాత్రం ఒక టక్, తర్వాత నిశ్శబ్దం, మళ్లీ రెండు టక్కులు, మళ్లీ నిశ్శబ్దం. ఇదేదో తేడాగా ఉందని అరిచాను. ఓవర్సీయరు పట్టించుకోకుండా నాకు వినపడిన టక్కులే రాసుకున్నాడు. లెక్క వాటాకు లోపలే తేలింది. కొలత చూడ్డానికి వచ్చిన పై అధికారి సంతకం పెట్టి తన జీపులో వెళ్లిపోయారు.

పొద్దుటి నుంచి గట్టు మీదే కాచుకుని ఉన్న ముసలాయన నా చెవి ఫోను తీసుకుని తన చెవికి పెట్టుకున్నాడు. నీళ్లలోకి వంగి చాలాసేపు చూశాడు.

“సక్రం తిరగతంది గదా బాబూ. మరి సెవిలో పలకదేటి?”

చదువురాని ఆ మనిషి అడిగిన ప్రశ్న మా ఆఫీసులో ఒక్కడూ అడగలేదు.

అక్కడే గట్టు మీద మూత విప్పాను. తీగ మీద ఎండిన గంధం, దాని మీద కుంకుమ గట్టిగా అంటుకుని ఉన్నాయి. స్పిరిట్‌తో తుడిచి మళ్లీ దింపితే టక్కులు వరసగా, ఒక్కటీ తప్పకుండా వచ్చాయి. వాటా కన్నా బాగా ఎక్కువే పోతున్నాయి నీళ్లు. ముసలాయన నా మొహంలోకి చూస్తున్నాడు.

“ఇది రాయండి,” అన్నాను.

“సంతకం అయిపోయింది. ఒక్క తూముకి రెండు లెక్కలేటయ్యా?” అన్నాడు ఓవర్సీయరు. “అయినా అమ్మవారి గంధం తుడిసేసి తీసిన లెక్క మంచిదేనా?”

మళ్లీ కొలవాలని అర్జీ పెట్టాను. అది బల్ల మీది నుంచి బల్ల మీదికి నడిచి, తలుపు దించమనే ఉత్తర్వుగా మారేసరికి మూడు వారాలు దాటింది. నేను పొలానికి వెళితే ముసలాయన ఒక ఎన్ను తుంచి అరచేతిలో నలిపి ఊదాడు. అంతా తాలే. చెయ్యి ఖాళీ అయింది.

“నీ తప్పు లేదులే బాబూ,” అన్నాడు.

ఉంది. గంధం పూసింది ఓవర్సీయరు. పూస్తుంటే చూసి ఇంటికి పోయింది నేను.

మీ భక్తి మీది, నేను అడ్డు రాను. కానీ ఆ మీటరు మీది కాదు, కాలువ చివరివాడిది. ఈసారి మీ ఆఫీసులో యంత్రం పీట ఎక్కితే తగువుకు భయపడి వరండా దిగి వెళ్లిపోకండి. మూత బిగించి, పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. కొలత ముందు విప్పండి, తుడవండి, చెవి పెట్టి వినండి. ఒక్క టక్కు తగ్గినా ఆ కాగితం మీద సంతకం పడనివ్వకండి.