ఊడ్పులక్క

పాడైన ప్రోటీన్లను కణాలు ఎలా ఊడ్చుకుంటాయో చూడటమే ఆవిడ పని. అందుకే ల్యాబులో అందరూ ఊడ్పులక్క అంటారు. జడ వంకరగా ఉంటుంది. దాన్ని నున్నగా అల్లిపెట్టే భర్త చేతులు చచ్చుబడి ఏడాది దాటింది. ఆయన నరాల కణాల్లో ఊడ్పు ఆగి చెత్త పేరుకుపోయింది. ఆవిడ మైక్రోస్కోపు కింద ఉన్న కణాలు ఆయన చర్మం నుంచి తీసి, నరాల కణాలుగా మార్చి పెంచినవే. అవి ఉన్న గాజు పళ్ళెం వెచ్చటి పెట్టెలోంచి బయటికి తీసినప్పుడల్లా "చలేస్తోందా?" అని దాన్ని అడుగుతుంది, పక్కవాళ్ళు నవ్వినా మానదు. నిన్న కొత్త మందు వేసిన పళ్ళెంలో చెత్త మచ్చలు మాయమయ్యాయి. పళ్ళెం నుంచి మనిషి దాకా ఎంత దూరమో ఆవిడకు తెలియనిది కాదు. అయినా ల్యాబు కోటుతోనే ఇంటికి పరుగెత్తి, ఆయన వేళ్ళకేసి కన్నార్పకుండా చూసింది.

"ఏంటే, ఉంగరం పోయిందా?" అన్నాడాయన, ముద్దముద్దగా.

"పళ్ళెంలో మీకు నయమైందండీ."

"అయితే వాణ్ణే తీసుకురాకపోయావా? నీ జడైనా వేసేవాడు."

ఆవిడ నవ్వింది. తర్వాత జడ విప్పుకుని, ఎప్పటిలాగే ఆయన మోకాళ్ళకు వీపు ఆనించి కూర్చుంది.