పెరట్లో రేకుల గది

తొంభైల్లో ఒక ఆదివారం అనుబంధంలో ఫొటోలు వేశారు. విదేశీ రచయితలు పెరట్లో చిన్న చెక్క గది కట్టుకుని, అందులో కూర్చుని పుస్తకాలు రాస్తారట. ఒకాయన కిటికీ ముందు తోట, ఇంకొకాయన కాళ్ల దగ్గర కుక్క. అప్పటికి నావి నాలుగు కథలు అచ్చయ్యాయి. గది లేకపోవడం వల్లే నాకు నవల రావడం లేదని ఆ పూటే తేల్చేసుకున్నాను.

భవానీపురంలో మా పెరట్లోనూ ఒక గది ఉండేది. రేకుల కప్పు, ఒక తలుపు, ఒక కిటికీ. అందులో మా ఆవిడ కుట్టుమిషను పెట్టుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక చుట్టుపక్కల ఆడవాళ్లు వెనక సందులోంచి వచ్చి జాకెట్లు కుట్టించుకునేవాళ్లు. ఆ వేళకి నేను ఆఫీసులో ఉంటాను కాబట్టి ఆ సంగతులు నాకు పెద్దగా తెలియవు. తెలుసుకోవాలనీ అనుకోలేదు.

పేపరు చూపించి గది అడిగాను. అడిగానని ఇప్పుడు చెప్పుకుంటున్నాను గానీ, అది అడగడం కాదు. "ఒక్క ఏడాది చాలు. నీ మిషను వీధి వసారాలో వేసుకో. గాలీ వెలుతురూ నీకే బాగుంటాయి" అన్నాను.

ఆవిడ ఆ ఫొటోలు చాలాసేపు చూసింది. "వీళ్ల ఆడవాళ్లెక్కడ కూర్చుంటారో వెయ్యలేదేంటండీ?" అంది. జోకనుకుని నవ్వాను. నాకు బుద్ధుండాలి.

మర్నాడు మిషను వసారాలోకి జరిపించింది. నేను బల్ల వేయించుకున్నాను. ఆఫీసుకు వెళ్లేటప్పుడు కాగితాలు చెదురుతాయని గదికి తాళం వేసుకుని మరీ వెళ్లేవాణ్ణి. సెలవు రోజుల్లో అందులో రాసింది తక్కువ, పడుకున్నది ఎక్కువ. లేచి, ఆవిడ తెచ్చిన టీ తాగుతూ, నా కథానాయిక కష్టాలు తలుచుకుని దిగులుపడేవాణ్ణి.

వెనక సందులో అలికిడి లేకుండా పోయింది. వసారాలో మిషను చప్పుడు కూడా తగ్గుతూ వచ్చింది. రచయిత పని చేసుకుంటున్నాడని వీధి వీధంతా మర్యాద చూపిస్తోందనుకుని మురిసిపోయాను. ఒక సాహిత్య సభలో ఆ మాట గొప్పగా చెప్పుకున్నాను కూడా.

అసలు సంగతి పక్కింటి పిన్నిగారు చెప్పారు. కూర గిన్నె ఇవ్వడానికొచ్చి, నా గది ముందు ఆగారు.

"నవలైందా నాయనా?"

"అవుతోందండీ."

"ఏమో మరి. నీ నవల మాకు జాకెట్లు లేకుండా చేసింది. బజార్లో మగ టైలరు దగ్గర తొడుక్కుని చూసుకోలేం గదా. ఇక్కడైతే గడియ పెట్టుకుని తొడుక్కుంటే, చంక దగ్గర బిగుతైన చోట మీ ఆవిడ అక్కడికక్కడే విప్పి కుట్టేది. వసారాలో వీధంతా చూస్తుంటే ఎట్టా తొడుక్కుంటామయ్యా? ఒక్కొక్కళ్లే మానుకున్నారు."

ఆవిడ మామూలుగానే చెప్పి వెళ్లిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే మా ఆవిడతో గది ఖాళీ చేస్తానన్నాను. తను పప్పులో పోపు వేస్తోంది. "ఇప్పుడెందుకండీ? పోయిన నెలే మిషను మా చెల్లెలింటికి పంపించేశాను కదా. మీరు చూళ్లేదా?" అంది.

చూడలేదు. రోజూ ఆ వసారా దాటే ఇంట్లోకి వెళ్తున్నాను. ఇంకో మిషను కొంటానని బతిమాలాను. "చెయ్యి ఆగిపోయిందండీ. మీరు రాసుకోండి" అంది. తిట్టినా బాగుండేది. నవల సగంలోనే ఆగిపోయింది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక రోజు, ఆఫీసుకు బయల్దేరుతుంటే నా చేతికి ఒక సంచి ఇచ్చింది. "దార్లో టైలరుకి ఇచ్చెయ్యండి. ఆది జాకెట్టు కూడా అందులోనే ఉంది" అంది. కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టన్నమాట. ఎన్నేళ్ల నుంచి తన జాకెట్లు బయట కుట్టించుకుంటోందో నేను అడగలేదు.

టైలరు ఆ పాతదాన్ని తిరగేసి, లోపలి కుట్లు వేలితో తడిమాడు. మళ్లీ వెలుతుర్లో పెట్టి చూశాడు.

"ఎవరు కుట్టారండీ ఇది? ఇంత శుభ్రంగా నేను కూడా కుట్టలేను. ఎక్కడుంటాడాయన?"

మా ఆవిడేనని చెప్పొచ్చు. చెబితే, మరి నా దగ్గరికెందుకు తెచ్చారని అడుగుతాడు.

"తెలీదండీ" అన్నాను.