పిడుగు చేతికి లొంగని ప్లగ్గు

ఇదివరకు పొద్దున్నే నేను వంటింటి కిటికీ తెరిచేసరికి కారు సిద్ధంగా ఉండేది. చార్జింగ్ వైరు చుట్ట చుట్టి గోడకు తగిలించి ఉండేది. ఆ పని మా ఆయన ఎప్పుడు చేసేవారో, ఎలా చేసేవారో నేను ఒక్కరోజు కూడా చూడలేదు. ఇప్పుడు కిటికీ తెరవక్కర్లేదు, మూసి ఉన్నా వినపడుతుంది. మా ఆడపడుచు కారుతో పోట్లాడుతూ ఉంటుంది.

"వస్తావా, రావా? నామీద నీకేం పగే?"

ఆయన పోయాక కారు తన చేతికొచ్చింది. ఆయన చెల్లెల్ని పిడుగు అని పిలిచేవారు. ఊరికే పిలవలేదు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు తను రెండు జడల పిల్ల. రెండో జడ అల్లేదాకా కుదురుగా కూర్చునేది కాదు. ఒక జడ వేసుకుని, ఇంకోవైపు జుట్టు విరబోసుకుని వీధిలోకి పరుగు. తలుపు వేస్తే గడియ ఊడిరావాల్సిందే. సీసా మూత తీయమంటే సీసా మీద ఆశ వదులుకోవాల్సిందే.

అలాంటి పిల్ల, మామగారు మంచాన పడి వీపంతా పుండ్లు పడినప్పుడు, ఎవరు కడగాలా అని మేమంతా మొహమొహాలు చూసుకుంటుంటే, గిన్నెడు గోరువెచ్చని నీళ్ళు తీసుకుని వెళ్ళి పక్కన కూర్చుంది. ఎవరు చెయ్యి వేసినా కేకలు పెట్టే మనిషి ఆరోజు కళ్ళు మూసుకుని నిద్రపోయారు. ఆ చేతులు ఎక్కడివో మాకెవరికీ తెలీలేదు. తర్వాత తను నర్సు చదువు చదివింది. లేవలేని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చడం ఇప్పుడు తన ఉద్యోగం.

కారు ఉంది కదా అని ఈమధ్య ఆఫీసు వాళ్ళు ఊరి అవతలి వైపు ఇళ్ళు కూడా తనకే అప్పగించారు. తను ఎన్నాళ్ళనుంచో అడుగుతున్న పని అది. కాకపోతే నెలరోజులు చూస్తామన్నారు. ఆ నెల గడవకముందే రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళింది. కారణం కారుకు తగిలించే ఆ చార్జింగ్ ప్లగ్గే. ఒకరోజు అసలు ఊడి రాలేదు. ఇంకోరోజు ఊడింది గానీ, దాన్ని ఊడదీసేసరికి తను చెమటతో తడిసిపోయి మళ్ళీ స్నానం చేయాల్సొచ్చింది.

"ఇంకొక్కసారి ఆలస్యమైతే ఆ ఇళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానంది మా మేడమ్" అని చెప్పింది ఆ సాయంత్రం. అన్నం కలుపుతోంది గానీ తినడంలేదు. "అక్కడొక తాతగారున్నారు వదినా. కాలికి పెద్ద పుండు. నేను తప్ప ఇంకెవరు ముట్టుకున్నా కాలు లాగేసుకుంటారు."

కారు కంపెనీకి ఫోన్ చేస్తే, ప్లగ్గు తాళం తీసి లాగండి అన్నాడు అవతలి మనిషి.

"తాళం తీసే లాగుతున్నా నాయనా!"

"అయితే గట్టిగా లాగకండి మేడమ్."

"ఊదమంటారా పోనీ?" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున మళ్ళీ అదే గొడవ. నేను స్టవ్ కట్టేసి బయటికి వెళ్ళి చూశాను. కారు గేటును ఆనుకుని ఉంది. తను ఎప్పుడూ అక్కడే ఆపుతుంది, పొద్దున ఎక్కీ ఎక్కగానే వెళ్ళిపోవచ్చని. చార్జింగ్ పెట్టె ఏమో లోపలి గోడకుంది. మధ్యలో వైరు బట్టలారేసే తాడులా బిగిసిపోయి ఉంది. పిడుగు ఒక కాలు కారు చక్రానికి తన్నిపెట్టి, రెండు చేతులతో ప్లగ్గు లాగుతోంది.

"వదినా, కాస్త కొబ్బరినూనె తెచ్చిపెట్టు!"

"కరెంటు దాంట్లో నూనె పోస్తావా? నీకేమైనా పిచ్చా?"

"మరేం చేయమంటావ్? టైమైపోతోంది."

నేను మామూలుగా ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఈమధ్య అదీ తగ్గిపోయింది. కానీ ఆ తన్నడం చూసేసరికి ఊరుకోలేకపోయాను.

"మీ తాతగారి కట్టు కూడా ఇలాగే లాగుతావా?"

"అయ్యో, అలా లాగితే ప్రాణం పోదూ!"

ఆ మాట అని నాలుక కరుచుకుంది. ఆయన పోయినప్పట్నుంచి ఇంట్లో ఆ మాటను మేము దాటుకుంటూ తిరుగుతున్నాం మరి. తను తల దించుకుంది. నాకెందుకో బాధ అనిపించలేదు. ఎవరో ఒకరు అనేసినందుకు తేలికపడ్డట్టే ఉంది.

"మరెలా తీస్తావో చెప్పు" అన్నాను.

"ముందు కాలి కింద చెయ్యి పెట్టి బరువు పట్టుకుంటా. కట్టు మీద ఎక్కడా లాగుడు పడకూడదు. అతుక్కున్నచోట కొంచెం లోపలికే నొక్కి, అది వదిలాక..."

మాట పూర్తి చేయలేదు. బిగిసిన వైరు వైపు చూసింది, నా వైపు చూసింది. వెంటనే గోడ దగ్గరికి పరుగెత్తి, కొక్కేనికి మిగిలిన రెండు చుట్లు విప్పి వైరు వదులు చేసి వచ్చింది. నేను వంగి వైరును నా రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాను. ఇంత బరువని అనుకోలేదు. తను అరచేత్తో ప్లగ్గును మెల్లగా లోపలికి నొక్కి, తాళం మీట నొక్కింది. లోపల ఏదో వదిలినట్టు చప్పుడైంది. ప్లగ్గు తనంతట తానే చేతిలోకి వచ్చేసింది.

"ఇంతేనా?" అంది. "ఇన్నాళ్ళూ నేనే బిగదీసి, నేనే లాక్కున్నానా?"

"వెళ్ళు వెళ్ళు, తర్వాత తిట్టుకుందువు."

వేళకే చేరింది. ఆరోజు నుంచి కారును గోడ దాకా తెచ్చి ఆపుతోంది, వైరు వదులుగా ఉండేలా. అప్పుడప్పుడూ మరిచిపోతుంది. అప్పుడు మళ్ళీ తిట్లు వినపడతాయి. ఆ తిట్లు లేకపోతే నాకూ తోచదు.

నిన్న మేడమ్ ఆ ఇళ్ళన్నీ తనకే ఖాయం చేసింది. ఇంటికి రాగానే నన్ను ఎత్తి తిప్పబోయి, నా నడుము సంగతి గుర్తొచ్చి మానేసింది.

ఇవాళ పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి కొత్త కష్టం చెప్పింది. అంతదూరం వెళ్తే మధ్యాహ్నం అక్కడి చార్జింగ్ స్టేషన్లోనే కారుకు చార్జింగ్ పెట్టుకోవాలట. అక్కడ వెనకాల బండ్లు కాచుకుని ఉంటాయట. చార్జింగ్ నిండగానే ప్లగ్గు తీసి తర్వాతి వాళ్ళకి ఇవ్వకపోతే హారన్లు మోగిస్తారట. ఆ సమయానికి తనేమో పక్క సందులో తాతగారి కాలు పట్టుకుని ఉంటుంది.

"నువ్వు వచ్చి కార్లో కూర్చో వదినా. ప్లగ్గు తీయడం నీకొచ్చు కదా."

"ఇల్లు వదిలేసా? ఎవరైనా వస్తే?"

"ఎవరొస్తున్నారు వదినా?"

నిజమే, ఎవరూ రావడంలేదు. ఆయన పోయాక నేనూ గేటు దాటలేదు. సింకులో రాత్రి గిన్నెలు, పొద్దున గిన్నెలు కలిసి గుట్టగా ఉన్నాయి. స్పాంజి చేతిలోకి తీసుకున్నాను. అప్పటికే కారెక్కేసిన పిడుగు హారన్ కొట్టింది.

స్పాంజి అక్కడే పెట్టేసి, చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకున్నాను. గిన్నెల మీద నీళ్ళు కూడా పోయలేదు.