వియ్యంకుడు లేని దారి

పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేటకు నడిచి వస్తున్నాను. హైవే మోత భరించలేక సున్నపురాయి క్వారీ వెనక దారి పట్టాను. అక్కడ ఆకుపచ్చ రంగు వేసిన కొత్త సైకిల్ బాట ఉంది. దాని మీద ఒక్క సైకిలూ లేదు. పక్కనే పత్తి చేలో ఒకాయన సైకిల్‌ను భుజాన వేసుకుని మొక్కల మధ్య నడుస్తున్నాడు.

పంక్చరా అని అడిగాను.

"గాలి నిండా ఉందండి. కాస్త వంగి మాట్లాడండి, కనపడతాం."

వంగాను.

ఆయన పేరు జయరాజ్. సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలెత్తే పని. కూతురు మహిమను హైవే పక్కన ఉండే స్తెఫనుగారి అబ్బాయికిచ్చాడు. స్తెఫను రిటైరైన మాస్టారు, మంచివాడు. ఇబ్బందంతా అక్కడే. ఇంటి ముందు నుంచి పోయే వియ్యంకుణ్ణి టిఫిన్ పెట్టకుండా పంపడం ఆయన వంశంలో లేదు. టిఫిన్‌కు ముందు ప్రార్థన. వానలు, మిరప రేటు, ఫ్యాక్టరీ పొగగొట్టం, సైకిల్ చైను, అన్నిటినీ వరసగా దేవుడికి అప్పజెబుతాడు. ఈలోగా ఇడ్లీ చల్లారుతుంది, ఫ్యాక్టరీ గేటు మూస్తారు. ఇంకోసారి ఆలస్యమైతే పనిలోంచి తీసేస్తామని జయరాజ్‌కు చెప్పేశారు. ఆగకుండా పోతేనేమో, మీ నాన్నకు మా ఇంటి నీళ్ళు చేదా అని అత్తగారు బేబి చేత మహిమ మాట పడాలి.

అందుకని ఆయన క్వారీ వెనక రాళ్ళబాట పట్టాడు. బావగారేరని స్తెఫను, జయరాజ్ తోటి కూలీలను ఆపి, కూర్చోబెట్టి, ప్రార్థన చేసి మరీ అడగసాగాడు. దాంతో వాళ్ళూ అటే మళ్ళారు.

అప్పుడొచ్చింది సంహిత. దారుల ప్లాన్లు వేసే అమ్మాయి, నందిగామలో గది తీసుకుని ఉండేది. ఎవరు ఏ దారిన పోతున్నారో తెలియడానికి సైకిళ్ళకు అగ్గిపెట్టెంత యంత్రాలు కట్టింది. మ్యాపులో హైవే బోసిగా, రాళ్ళబాట లావుగా వచ్చింది. కారణం అడిగితే జయరాజ్‌కు కూతురి మొహం గుర్తొచ్చి, గాలి బాగుంటుందమ్మా అన్నాడట. మిగతావాళ్ళూ గాలి మీదే పెట్టారు.

సైకిల్ తొక్కేవాడు నీడా చదునూ చూసుకుని దారి ఎంచుకుంటాడని చాలా పుస్తకాల్లో చదివాను. కావచ్చు. చందర్లపాడు వైపు ఒక పోస్ట్‌మాన్ మాత్రం ఒక బాతుకు భయపడి ఊరంతా చుట్టి తిరిగేవాడు. ఏ పుస్తకంలోనూ బాతు లేదు. ఎటు పోతున్నావని అడిగేవాళ్ళు, ఎవరిని తప్పించుకుంటున్నావని కూడా అడగాలి. అదీ నలుగురిలో కాదు, పక్కకు పిలిచి టీ ఇప్పించి.

మొత్తానికి ఆ రాళ్ళబాట మీదే ఈ ఆకుపచ్చ బాట వేశారు. ప్రారంభానికి ప్రార్థన చేసే పెద్దమనిషి కావాలని స్తెఫనునే పిలిచారు. ఆయనకు ఆ గాలి నచ్చింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే రెండు కుర్చీలు, క్యారేజీ తెచ్చుకుని బాట మీదే కూర్చుంటున్నాడు. కూలీలు హైవేకు మళ్ళారు. అక్కడ ఇంటి ముందు బేబి చూస్తూ ఉంటుంది కాబట్టి జయరాజ్‌కు పత్తి చేనే మిగిలింది.

ఉన్నమాట ఆయనకే చెప్పేయకూడదా అన్నాను.

"చెప్పానండి. నా పని పోకూడదని ఇంకో ప్రార్థన కలిపాడు."

"బావగారూ, చేలోకి దిగారేం? గాలి ఇక్కడ గదా" అని బాట మీది నుంచి పిలుపొచ్చింది.

ఇద్దరం బాట మీదికి ఎక్కి వెళ్ళాం. జయరాజ్ సైకిల్‌కు స్టాండు వేశాడు. స్తెఫను కుర్చీలు మాకిచ్చి, ఇడ్లీలు చేతికిచ్చి, తాను నిలబడి కళ్ళు మూసుకున్నాడు. దారినపోయే ఈ పెద్దాయన మోకాళ్ళ కోసం అని నాతోనే మొదలుపెట్టాడు.

ఫ్యాక్టరీ సైరన్ మోగింది. గేటు మలుపు అవతలే. జయరాజ్ సైకిల్ వంక చూశాడు. స్టాండు తీస్తే చప్పుడవుతుంది. పైగా సైకిల్ ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. ఒక ఇడ్లీ నోట్లో కుక్కుకుని, రెండోది చేత్తో పట్టుకుని, చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు.

ప్రార్థన ఇంకా నా ఎడమ మోకాలి దగ్గరే ఉంది. జయరాజ్ నాకైనా వెళ్ళొస్తానని సైగ చెయ్యకుండా, ఆకుపచ్చ బాట మీద ఒట్టికాళ్ళతో నడుచుకుంటూ మలుపు తిరిగాడు.