ఓడ లిస్టులో లేని మార్తమ్మ

2023 వేసవి. ఖమ్మంలో, ఖానాపురం హవేలికి పోయే దారిలో మా ట్రావెల్స్ ఆఫీసు. నాలుగు కుర్చీలు, ఒక కంప్యూటర్, గోడకు ఓడ బొమ్మ. బస్సు యాత్రలతో మొదలుపెట్టిన నేను, చర్చి బృందాలను ఓడ ఎక్కించడంలో చెయ్యి తిరిగినదాన్నని ఇవాళ ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. గొప్పలు చెప్పుకుంటోంది అంటారా? అనండి, చెప్పుకుంటాను. కానీ ఆ గొప్పలో సగం ములకలపల్లి వైపు నుంచి వచ్చిన మార్తమ్మది.

చర్చి గ్రూప్ క్రూజ్ అనగానే ఓడంతా మనదే, పొద్దస్తమానం ప్రార్థనలే అనుకుంటారు కొత్తవాళ్లు. అదేం కాదు. వందలమంది ఎక్కే ఓడలో మనం ఓ పాతిక ముప్పై మందిమి. ముందుగా అడిగితే పొద్దున ఓ గంట హాలు ఇస్తారు. కొవ్వొత్తి వెలిగించనివ్వరు, ఓడలో మంటంటే హడల్. ఇంటి నుంచి మోసుకొచ్చిన ఆవకాయ సీసాను రేవులోనే ఆపేస్తారు, ఏడ్చినా వదలరు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది పేరు సంగతి.

ఆ ఏడాది ఒక చిన్న చర్చి నుంచి ఇరవై ఎనిమిది మంది బయల్దేరారు. విశాఖలో ఎక్కి, పుదుచ్చేరి మీదుగా చెన్నైలో దిగడం. పేర్ల జాబితా పాస్టరమ్మ రాసి పంపింది. ఆధార్ మీద ఉన్నట్టే రాయమని చెప్పాను కదా అన్న ధీమాతో, సరిచూడకుండా ఓడ కంపెనీకి పంపేశాను. మానిఫెస్ట్ అంటారు దాన్ని, ఓడ ఎక్కేవాళ్ల అధికారిక లిస్టు. తప్పు నాదే, దాచను.

ప్రయాణానికి పది రోజుల ముందు ఆధార్ కాపీలు వచ్చాయి. వెబ్ చెకిన్ చేద్దామని కూర్చున్నాను. లిస్టులో మార్తమ్మ, ఆధార్‌లో చుక్కమ్మ. లిస్టులో రూతమ్మ, ఆధార్‌లో వెంకటమ్మ. లెక్కపెడితే పదకొండు మంది!

"ఏంది పాస్టరమ్మా ఇది? ఆధార్ పేర్లు రాయమంటే ఈ పేర్లేంది?" అని ఫోన్‌లోనే అరిచాను.

"చర్చి రిజిస్టర్ చూసి రాసిన అక్కా. బాప్తిస్మం పేర్లతోనే గదా మేం పిలుసుకునేది! ఆ పాత పేర్లు ఎవలికి యాదికున్నయి?" అంది పాపం, ఏడుపు గొంతుతో.

ఆమె మాటా నిజమే. రేషన్ కార్డులో, పింఛను పుస్తకంలో ఒక పేరు. ఆదివారం నోటి నిండా పిలుచుకునేది ఇంకో పేరు. కంపెనీవాళ్లకు ఇదంతా ఏం తెలుసు? అక్షరం తప్పైతే దిద్దుతారు. పేరు మొత్తం మారిందంటే వేరే మనిషి కింద లెక్క, టికెట్ రద్దు. మళ్లీ కొందామంటే గదులన్నీ నిండిపోయాయి. రెండు రోజులు ఫోన్ వదల్లేదు నేను. "మనిషి మారలేదండీ, పుట్టిన తేదీ అదే, మొహం అదే" అని పోరి పోరి వాళ్ల ప్రాణం తీశాను. చివరికి దిగొచ్చారు. లిస్టులో ఆధార్ పేరే ఉండాలి, రెండు పేర్లూ ఒక్క మనిషివే అని పదకొండు మందీ నోటరీ అఫిడవిట్ ఇవ్వాలి, అదీ శుక్రవారం లోపు.

గురువారం మధ్యాహ్నం అందరినీ వ్యాన్‌లో కొత్తగూడెం కోర్టు దగ్గరికి తీసుకుపోయాను. పది మంది చకచకా సంతకాలు పెట్టారు. మార్తమ్మ మాత్రం బెంచీ మీద నుంచి లేవలేదు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. భర్త బొగ్గుగనిలో పనిచేసి కాలం చేశాడు. చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. నడిసముద్రంలో పొద్దు పొడుస్తుంటే ఒక్క పాట పాడాలని ఏడాది నుంచీ ఆమె ఆశ.

"నేను రాను బిడ్డా. చుక్కమ్మ పేరుతోని ఓడెక్క" అంది.

నాకు ఒళ్లు మండింది. "ఇంత దూరం వచ్చినంక గిట్లంటవేందమ్మా? కాగితంల పేరే గదా!"

"నీకు కాగితమే. ఆ పేరు పెట్టి నన్ను ఎవలన్న మంచిగ పిలిచిండ్రా? నాట్లేస్తుంటే గట్టు మీదికెల్లి 'ఏ చుక్కీ, నడుమెత్తుతున్నవేందే' అని కేకలు. వాగుల బాప్తిస్మం ఇచ్చిననాడు అయ్యగారు చెయ్యి పట్టి 'మార్తమ్మా, రామ్మా' అన్నడు. నన్ను పట్టుకొని అమ్మా అనంగ ఇన్నది గదే మొదలు. మా ఆయన పింఛను కోసం ఆ పేరు కాగితాలల్ల ఉంచుకున్న. నా మీద మాత్రం ఉంచుకోలే."

సిగ్గేసింది నాకు. ఇన్నేళ్లుగా వేల పేర్లు టైపు చేశాను గానీ, ఒక్క పేరు వెనక ఏముందో అడిగిన పాపాన పోలేదు. చేతిలో ఉన్న అఫిడవిట్‌ను పైకి చదివాను. "చుక్కమ్మ అను నేను, మార్తమ్మ అను పేరుతో కూడా పిలువబడుచున్నాను. ఈ రెండు పేర్లునూ నావే."

మార్తమ్మ తలెత్తింది. "మల్లొక్కపారి చదువు."

చదివాను.

"మార్తమ్మ అని స్టాంపు కాగితం మీద రాసిండ్రా?"

"అవ్ అమ్మా, రాసిండ్రు. కింద ముద్ర గూడ పడ్తది."

కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అట్లయితే పెన్ను ఇటు తే. ఏలిముద్ర కాదు, సంతకమే పెడ్త" అని, నాలుక పంటితో నొక్కిపట్టి, ఒక్కో అక్షరం దిద్దినట్టు మార్తమ్మ అని రాసింది. ఆధార్ పేరుతోనూ సంతకం కావాలమ్మా అని నోటరీ గారు అంటే, దాని కింద అదీ రాసింది. శుక్రవారం పొద్దున్నే పదకొండు అఫిడవిట్లూ కంపెనీకి చేరాయి, పదకొండు టికెట్లూ నిలిచాయి.

విశాఖలో ఓడ ఎక్కగానే మస్టర్ డ్రిల్ పెట్టారు. ప్రమాదం వస్తే ఎక్కడ నిలబడాలో, లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలో చూపిస్తారు. అందరి హాజరూ పడేదాకా ఓడ కదలదు. సిబ్బందిలో ఒక విశాఖ అమ్మాయి లిస్టు పట్టుకుని పేర్లు పిలిచింది.

"చుక్కమ్మ!"

పలుకు లేదు. మార్తమ్మ నా పక్కనే నిలబడి ఎదురుగా చూస్తోంది.

"చుక్కమ్మ ఎవరండీ? ఉన్నారా, లేరా?"

ఇక నేనే చెబుదామని నోరు తెరిచాను. మార్తమ్మ నా చెయ్యి పట్టి ఆపి, ముందుకు నడిచింది. "లిస్టుల చుక్కమ్మను నేనే బిడ్డా. గనీ నా పేరు ఇండ్ల ఉన్నది, చదువు" అని సంచిలోంచి అఫిడవిట్ కాపీ తీసి ఇచ్చింది. నాకు చెప్పకుండా ఎప్పుడు చేయించిందో, లామినేషన్ కూడా చేయించింది!

ఆ పిల్ల నిలబడి మొత్తం చదివింది. తన లిస్టులో ఆ పేరు పక్కన పెన్నుతో ఏదో రాసుకుంది. "సారీ మార్తమ్మ గారూ. రండి, జాకెట్ నేను తొడుగుతాను" అంది.

చెన్నైలో దిగేదాకా భోజనాల దగ్గరా, మెట్ల దగ్గరా ఎక్కడ కనిపించినా ఆ పిల్ల అదే పిలుపు, మార్తమ్మ గారూ అని. ఓడ ఎక్కిన మర్నాడు తెల్లవారుతుంటే పై డెక్కు మీద మార్తమ్మ పాట ఎత్తుకుంది. మైకు లేదు, డప్పు లేదు, గాలి హోరు ఒకటే. కాఫీ కప్పులతో పోతున్నవాళ్లు ఆగిపోయారు. మావాళ్లంతా గొంతు కలిపారు. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఈవిడను ఓడ ఎక్కించింది నేనే అని అక్కడున్న ప్రతివాళ్లకూ చెప్పాలనిపించింది. ఇద్దరికి చెప్పాను కూడా.

మొదటిసారి ఓడ ఎక్కేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇప్పటికీ ఇదే: టికెట్ మీద ఆధార్ పేరే ఉండాలి, అక్షరం కూడా తేడా రాకూడదు. కానీ ఆ ప్రయాణం తర్వాత మా ఫారంలో రెండు గళ్లు పెట్టాను. ఒకటి కార్డు మీది పేరు, దాని కింద మిమ్మల్ని ఏమని పిలవాలి అని ఇంకోటి. రెండో గడిలోని పేరుతో మెడలో వేసుకునే కార్డు నేనే ప్రింటు తీసిస్తాను.

పోయిన నెల మార్తమ్మ తన చెల్లెల్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది, ఇద్దరమూ ఓడ ఎక్కుతామని. నేను ఫారం తీసి పై గడి మీద పెన్ను పెట్టాను.

"ఆగు బిడ్డా" అని నా చెయ్యి పట్టి కింది గడి మీదికి జరిపింది. "ముందుగాల పిలిచే పేరు రాయి. ఓడోళ్ల పేరు ఎనక రాద్దువు."