ఉమ్మడి కొట్టులో మా వదిన మూట

మా వదిన పోయింది. ఆ ఉదయం అన్నయ్య ఫోన్ చేసి, "చెల్లె, జర జల్ది రా. మీ వదిన లేస్తలేదు" అన్నాడు. మట్టెవాడలోని నా ఇంటి నుంచి వాళ్లుండే కాశిబుగ్గ ఏమంత దూరం కాదు. అయినా ఆటో ఆ ఇంటి ముందు ఆగేలోపలే, ఆమె ఇక లేవదన్న సంగతి నాకు తెలిసిపోయింది. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. దవాఖానకు తిప్పే శ్రమ కూడా ఎవరికీ పెట్టకుండా వెళ్లింది. తలగడ పక్కన ఆమె కళ్లజోడు ఉంది. దాని పక్కన అరచేతిలో ఇమిడే ఆమె చిన్న కంప్యూటరు, చార్జింగు తీగతో సహా ఉంది. దాని ఆకుపచ్చ దీపం ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంది.

దినకర్మ నాడు వచ్చిన బంధువులు ఆమె చేతివంట గురించి, జూనియర్ కాలేజీలో ఆమె చెప్పిన లెక్కల గురించి మాట్లాడారు. ఆ కంప్యూటరును మాత్రం "ఆ బొమ్మ" అన్నారు. ఆమె చివరి సంవత్సరాలను నింపినది ఆ బొమ్మే కనుక, దాని గురించి ఎవరో ఒకరు చెప్పవలసి ఉంది. నాకు డెబ్బై దాటాయి. ఇప్పుడు ఏది రాయాలన్నా అలసటగానే ఉంటుంది. అయినా రాస్తున్నాను, అదీ అటువంటి యంత్రం మీదనే.

అది కళ్లజోడు పెట్టెలా తెరుచుకుంటుంది. ఒక రెక్కలో చిన్న తెర, మరొక రెక్కలో చిక్కుడు గింజలంతేసి మీటలు. లోపల నడిచేది, ఎవరైనా విప్పి మార్చుకోగల లినక్స్. దాన్ని తయారుచేసిన కంపెనీ కొన్నేళ్లకే మూతపడింది. కంపెనీతోపాటే సాఫ్ట్‌వేర్లు దొరికే దాని సొంత దుకాణమూ మూతపడింది. మరొకరైతే యంత్రాన్ని అటక మీద పడేసేవారు. కానీ దాన్ని కొనుక్కున్నవాళ్లు నానా దేశాల నుంచి ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి, తామే ఒక భాండారం తెరిచారు. చేతనైనవాళ్లు సాఫ్ట్‌వేరు తయారుచేసి అందులో పెడతారు, కావలసినవాళ్లు తీసుకుంటారు. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు. ఇంగ్లీషులో దాన్ని రిపాజిటరీ అంటారు. వదిన దానికి 'ఉమ్మడి కొట్టు' అని పేరు పెట్టింది. అందులోని ఒక్కొక్క ప్యాకేజీ ఆమెకు ఒక్కొక్క మూట.

"కంపెనీ పోయింది. మనం పోలె గద!" అనేది, ఎవరైనా ఆ యంత్రాన్ని చూసి నవ్వితే.

ఆ కొట్టులో అన్నీ ఉన్నాయి, తెలుగు రాసే వీలు తప్ప. రిటైరయిన తరువాత ఒక వేసవి అంతా వదిన దాని మీదే కూర్చుంది. ఆమెది చేనేత కుటుంబం. తండ్రి మగ్గం ముందు కూర్చున్నట్టే ఆమె ఆ చిన్న తెర ముందు, వీపు నిటారుగా పెట్టి, తెగిన పోగు కోసం వెతుకుతున్నట్టు కూర్చునేది. వానలు పడే నాటికి ఉమ్మడి కొట్టులో తెలుగు మూట ఉంది. మీటల మీద తెల్ల పెయింటుతో, పుల్ల మొనతో, అక్షరాలు తనే రాసుకుంది.

నా దగ్గరికి ఆ యంత్రం వచ్చిన తీరు చెప్పాలి. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పాను. కావాలనే ఒంటరిగా ఉన్నాను. నా పనులు మరొకరు చేసిపెట్టడం నాకు ఎన్నడూ గిట్టలేదు. ఒకప్పుడు మా బంధువులు కొత్త రకం ఫోను ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. అది ప్రతిదానికీ నా అనుమతి అడిగేది, ఆపైన తనకు తోచిందే చేసేది. నెల తిరగకుండా తిప్పి పంపాను. ఆ కబురు విని వదిన వచ్చింది. సంచిలోంచి తన యంత్రం లాంటిదే మరొకటి తీసి బల్ల మీద పెట్టింది. ఎక్కడో పాత సామాన్ల దుకాణంలో దొరికిందట.

"ఏం ఆడిబిడ్డా, నీకు కిరాయి ఇల్లు పడదని నాకెరుకే. ఇది సొంతిల్లు. గోడకు మేకు కొట్టుకున్నా అడిగేటోడు లేడు" అంది.

"ఇల్లు కూలితే?"

"కూలితే మనమే కట్టుకోవాలె. సొంతిల్లంటే గదే గద!"

ఆమె నాకు నేర్పిన పద్ధతి మరెవరిలోనూ చూడలేదు. నా వెనక నిలబడి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకునేది. నేను తప్పు మీట నొక్కినా, తెర అంతా పిచ్చి అక్షరాలతో నిండినా, ఆ చేతులు ముందుకు వచ్చేవి కావు. "ఏం రాసిందో చదువు. చదివినంక ఆలోచించు" అనేది. ఒకసారి విసిగిపోయి, "నువ్వే చెయ్యరాదూ, ఒక్క నిమిషం పని!" అన్నాను. నా జీవితంలో అంతకుముందు ఆ మాట ఎవరితోనూ అనలేదు. వదిన నవ్వింది. "నేను చేస్తె నా ఇల్లయితది" అంది. చేతులు మాత్రం వెనకనే ఉన్నాయి.

ఆమె ఒక పొరపాటు చేసిందని చెబితే ఆమెకేమీ తక్కువ కాదు, ఆ కథను తానే అందరికీ చెప్పుకునేది. తెలుగు మూటను ఒకసారి కొత్తగా కట్టి కొట్టులో పెట్టింది. ఆమె యంత్రంలో చక్కగా నడిచింది. నా దాంట్లో వేస్తే ఒక్క అక్షరమూ పడలేదు. తెలిసినదేమిటంటే, ఆ మూట పని చేయడానికి మరొక చిన్న మూట తోడుండాలి. ఆమె యంత్రంలో అది ఎప్పటినుంచో ఉంది కనుక, దాన్ని కూడా తెచ్చుకోమని కొత్త మూట మీద రాయడం మరిచింది.

"సూశినవా? పడుగు నా ఇంట్ల ఉంచుకొని, పేక నీకు పంపిన" అని తల కొట్టుకుంది.

ఆనాటి నుంచి నాకొక ఆంక్ష పెట్టింది. నా యంత్రంలో తనకు చెప్పకుండా ఏమీ వేసుకోకూడదు. "నీ డబ్బా కోరా బట్ట లెక్క ఉండాలె. రంగు పడ్డ బట్ట మీద రంగు పరీక్ష చేస్తరా ఎవలన్న?" అంది. నా సొంతిల్లు ఆమె ప్రయోగశాల అయిందని చాలా రోజులు కోపంగా ఉన్నాను. తరువాత నాకు అర్థమైంది. అద్దకం వేసిన బట్టకు విలువ ఉన్నట్టే, అద్దకం వేయని బట్టకూ విలువ ఉంది.

ఉమ్మడి కొట్టుకు ఒక కట్టుబాటు ఉంది. కొత్త మూట నేరుగా అందరి అరలోకి పోదు. ముందు పరీక్షల అరలో ఉంటుంది. కట్టినవారు కాక మరొకరు దాన్ని తమ యంత్రంలో వేసి చూసి, తమ పేరు మీద 'బాగుంది' అని నొక్కితేనే బయటికి వస్తుంది. వదిన దీన్ని తన మాటల్లో చెప్పేది. "వండినోళ్ల రుచి లెక్కకు రాదు." ఇన్నేళ్లూ ఆమె వండింది, నేను రుచి చూశాను. ఒకసారి నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు లేవలేదు. ఆమె మూట ఆ నాలుగు రోజులూ పరీక్షల అరలోనే పడి ఉంది. అన్నయ్య పేరో, మరొకరి పేరో పెట్టి నొక్కుకోవచ్చు కదా అంటే, నా మంచం పక్కన కూర్చుని నారింజ తొనలు ఒలుస్తూ, "నువ్వు లేస్తవు. అది ఏడికి పోదు" అంది.

ఆమె పోయిన కొన్నాళ్లకు కొట్టు నడిపేవాళ్ల నుంచి ఒక ప్రకటన వచ్చింది. చాలా మూటలకు ఆధారమైన ఒక పాత భాగాన్ని తీసేసి కొత్తది పెడుతున్నారు. దాని మీద ఆధారపడిన ప్రతి మూటనూ దాని యజమాని తిరిగి కట్టాలి. యజమాని లేని మూటలను కొట్టులోంచి తొలగిస్తారు. కింద ఉన్న పేర్లలో మా వదిన తెలుగు మూట ఉంది. దాని ఎదుట ఒకే మాట ఉంది: అనాథ.

అందులో ఎవరి తప్పూ లేదు. ఆమె పోయిన సంగతిని వాళ్లకు తెలిపింది నేనే. అయినా ఆ మాట చదివి తెర మూసేశాను. ఆ మూట పోతే, తరువాతి అప్‌డేట్‌తో నా యంత్రంలో తెలుగు పోతుంది. ఆమె ఒక వేసవి అంతా నేసిన నేత ఈ లోకంలో ఎక్కడా మిగలదు.

మూటను నేను తీసుకుంటానని వాళ్లకు రాశాను. ఆ తరువాతి రోజుల గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. కట్టడం, తప్పు రావడం, ఏం రాసిందో చదవడం, ఆలోచించడం, మళ్లీ కట్టడం. కళ్లు నీళ్లు కారేవి. వేళ్ల కణుపులు పట్టుకునేవి. వెనక ఎవరూ నిలబడి లేరని తెలిసినా, మధ్య మధ్య తల తిప్పి చూసేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం తప్పు రాలేదు. సంతోషం కలగలేదు. పడుకోవాలనిపించింది, అంతే.

మూట పరీక్షల అరలోకి చేరింది. ఇప్పుడు రుచి చూసేవారు కావాలి. తెలుగు వాడేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే, వారిలోనూ చాలామంది ఫోన్లకు మళ్లారు. నర్సంపేటలో విత్తనాల దుకాణం నడిపే ఒకాయన మాత్రం జవాబు రాశాడు. "నా డబ్బా కిందవడి పలిగింది మేడం. మీ వదినగారి మూటకు పనికి రాకపోతి" అని. గడువు దగ్గరపడుతోంది. నా యంత్రం ఇక కోరా బట్ట కాదు. మూట కట్టే సామగ్రితో నిండిపోయింది. పైగా నేను వండినదాన్ని.

అన్నయ్య దగ్గరికి వెళ్లాను. వదిన యంత్రం ఆమె తలగడ పక్కనే, అదే తీగకు ఉంది.

"రోజు చార్జింగు పెడతాన" అన్నాడు అన్నయ్య. "ఎందుకో తెల్వదు. బంద్ అయితే మంచిగనిపిస్తలేదు."

సంగతి చెప్పాను. చాయ్ కప్పు కింద పెట్టి యంత్రాన్ని తెరిచాడు. ఉమ్మడి కొట్టులో వదిన ఖాతా తెరిచే ఉంది. నా మూట, దాని కింద 'బాగుంది' అన్న మీట తెర మీద కనబడుతున్నాయి.

"గిదే గద? ఆమె పేరు మీదనే ఒత్తు. అయిపాయె. ఆమె ఇప్పుడు ఏమన్న అంటదా?"

నేను ఆ మీట వైపు చూశాను. ఎంత అలసిపోయి ఉన్నానంటే, వేలు దాకా వచ్చింది ఆ ఆలోచన.

"అంటది అన్నా" అన్నాను.

అన్నయ్య చాయ్ కప్పు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. పెళ్లయిన నాటి నుంచి వాళ్లిద్దరూ కీచులాడుకునేవారు. ఆమె యంత్రాన్ని 'నా సవతి' అనేవాడు. ఆమె ఆయన పేకాటను 'నా సవతి' అనేది.

"వండినోళ్లది లెక్కకు రాదు. సచ్చినోళ్లది అసలే రాదు" అన్నాడు చివరికి. "అయితే నేను తింట. చెప్పు, ఏం చెయ్యాలె?"

"దీన్ని కోరాగా చెయ్యాలి. ఆమె వేసుకున్నవన్నీ పోతాయి."

ఆయన ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగాను. వీధిలో మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. ఆమె రాసుకున్నవన్నీ మెమరీ కార్డులోకి ఎక్కిస్తాననీ, ఒక్క అక్షరమూ పోదనీ చెప్పాను. కానీ ఆయన బాధ అది కాదని నాకూ తెలుసు. ఆమె అమర్చుకున్న తెర, ఆమె పెట్టుకున్న రంగు, తెరవగానే కనబడే ఆమె ఇల్లు పోతుంది.

"ఇన్ని దినాలు దీన్ని బతికిచ్చింది పడుకోబెట్టుటానికి కాదు గద" అన్నాడు. "చెయ్, చెల్లె."

కార్డులోకి అన్నీ ఎక్కించి, యంత్రాన్ని ఖాళీ చేశాను. అన్నయ్య పేరు మీద కొత్త ఖాతా తెరిచాం. ఆ తరువాత యంత్రాన్ని ఆయన ముందు పెట్టి, వెనక నిలబడ్డాను. ఆయన ఒక్కొక్క మీట వెతుక్కుంటూ పరీక్షల అర తెరిచాడు. మూట దిగింది, దాని వెంట తోడు మూటలూ దిగాయి. తెర మీద తెల్లటి ఖాళీ పేజీ వచ్చింది.

"ఏదన్నా రాయి అన్నా. ఒత్తు ఉన్న మాట ఒకటి ఉండాలి."

మీటల మీద తెల్ల అక్షరాలు చాలావరకు ఆమె వేళ్లకే అరిగిపోయాయి. "'ఏ' అక్షరం యాడున్నదే?" అన్నాడు. "పై వరుసలో చూడు" అన్నాను. చాలాసేపు పట్టింది. రెండుసార్లు తప్పుపడి చెరిపాడు. మూడోసారి పడింది.

ఏమే, తిన్నవా

ముందు గదిలోంచి వంటింట్లోకి ఆయన జన్మంతా అరిచిన పిలుపు. ఒత్తు సరిగ్గా, అక్షరం కింద అక్షరం, ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

"నడుస్తాంది" అన్నాడు. కొట్టు తెరిచి తన పేరు మీద 'బాగుంది' నొక్కాడు. మూట అందరి అరలోకి వెళ్లింది. అనాథ అన్న మాట ఉన్నచోట ఇప్పుడు నా పేరు ఉంది.

ఆయన మళ్లీ ఆ తెల్ల పేజీకే తిరిగి వచ్చాడు. ఆ పలకరింపు పక్కన, జవాబు పడవలసినచోట, చిన్న గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. అన్నయ్య దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తెర మూద్దామనుకుని, అప్పుడు గమనించాను. నా చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని ఉన్నాయి.