టవరు కింద చెప్పులు

డెబ్బైల్లో ఎప్పుడో, మదనపల్లె నుంచి పుంగనూరు పోయే బస్సులో ఆయన నా ముందు సీటులో కూర్చున్నాడు. వాన తుంపర్లలో చేనుకడ్డంగా పరుగెత్తుకొచ్చి దారిలో ఎక్కిన మనిషి. మోచేతుల దాకా వెండిరంగు అంటుకుని ఉంది.

"ఏమప్పా, చేతులకు వెండి తొడుగు చేయించుకోని ఉండావే?" అన్నాను.

నవ్వినాడు. "కరెంటు టవరుకు రంగేస్తాండామమ్మా. ఈ పొద్దుకు అయిపోయింది."

"అంత ఎత్తు ఎక్కేదానికి భయం లేదా?"

"ఎక్కేటప్పుడు దేవుడు గుర్తుంటాడు. దిగేటప్పుడే, ఇంటికి పోవాలనే తొందరలో కాలు జారేది."

ఆయన వట్టికాళ్ళు చూసి, "మొక్కుబడా?" అని అడిగినాను. కిందికి చూసుకుని ఆయన గబుక్కున లేచినాడు.

"చెప్పులు టవరు కిందనే మరిసినానమ్మా. అవి ఆడుంటే మనిషి పైన ఉండాడని మా లెక్క. రంగుడబ్బాలు ఊర్లో పెట్టేదానికి పోయిన మావోడు తిరిగొచ్చి సూస్తే, నాకేమో అయిందని ఎక్కుతాడు. ఈ మబ్బులో కింది నుంచి ఏమీ కనపడదు. తడికి ఇనుము జారతాది."

"చెప్పుల కోసం బస్సు దిగతావా? పుంగనూరులో కొత్తవి కొనుక్కో పో" అని కండక్టరు ఎకసెక్కమాడినాడు. ఆయన బస్సు ఆపమని డ్రైవరుకు కేకేసినాడు. బస్సు ఆగీ ఆగకముందే దిగి, వచ్చిన దారినే వానలో పరుగుపెట్టినాడు.

సమయానికి చేరినాడో లేదో నాకు తెలియదు. దేవుడు చేర్చే ఉంటాడు. ఇప్పటికీ టవరు కనిపిస్తే ముందు దాని అడుగున చూస్తాను. చెప్పులుంటే, పైనున్న బిడ్డ చల్లగా దిగొచ్చి వాటిల్లో కాళ్ళు పెట్టాలని దండం పెట్టుకుంటాను.